అశ్రునివాళి, పది బై ఎనిమిది

"నాన్నగారి ఫోటో కాస్త తగ్గించండి. నాది పెంచండి," అన్నాడు శ్యామ్ బాబు, తెర మీద వేలు పెట్టి చూపిస్తూ.

అక్షయ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. రాజోలు సెంటర్లో ఈ ఫ్లెక్సీల షాపులో చేరాక చాలా అశ్రునివాళులు తయారుచేసింది. పోయినాయన్ని పక్కకి నెట్టమన్నవాళ్ళు మాత్రం లేరు.

"నివాళి మాస్టారికి కదండీ?"

"ఆయ్! టికెట్టు నాకు కదండీ మరి!"

నవ్వాడు.

వెనక ప్రింటింగ్ మిషను గుమ్మం దాకా మాట వినబడనీకుండా గురగురలాడుతోంది. గుమ్మం పక్క బెంచీ మీద, కంటి ఆపరేషన్ నల్లద్దాలు పెట్టుకున్న పెద్దాయనెవరో కొబ్బరిబొండం తాగుతున్నారు.

తెర మీద ప్రకాశరావు మాస్టారు నిండు జుట్టుతో, నల్లటి మీసంతో ఉన్నారు. ఎప్పటిదో ఫోటో. పేటలో కూలీలకి చదువు చెప్పిన మనిషి. అక్షయ తల్లికి వేలిముద్ర మాన్పించి సంతకం నేర్పింది ఆయనే. ఈ కబురు అమ్మకెలా చెప్పాలో ఆమెకి తోచడం లేదు.

"పార్టీ ఫోన్ సర్వేలో, మీతో టికెట్టుకి పోటీ పడుతున్న కృపావతిగారు ముందున్నారంట కదండీ?"

"చాలా ముందండి. మా వీధోళ్ళే నా నంబరు నొక్కలేదు. అయితే ఏంటండీ? సానుభూతి ముందు సర్వేలు నిలుస్తాయా? మాస్టారి పేరు చెబితే మామిడికుదురు దాకా ఏడుస్తారు. ఆ ఏడుపులు చూస్తే పైవాళ్ళు పేరు మార్చక చస్తారా?"

బల్ల మీది సీసాలో నీళ్ళు కళ్ళకి రాసుకున్నాడు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇలా ఓ ఫోటో తీయండి. ఏడుస్తున్నట్టుందా?"

"ఉందండీ," అంది, ఫోటో తీసి. "సంస్మరణ సభ తేదీ ఏం వేయమంటారు?"

"ఖాళీగా ఉంచండి. టికెట్ల లిస్టు వచ్చేలోపే ఉంటుంది లెండి."

"పాస్టరుగారితో మాట్లాడేరాండీ?"

"షామియానా వాళ్ళతో మాట్లాడేను. నేను ఫోన్ చేయగానే ప్రింటు కొట్టేయాలి. ఆలస్యం అవకూడదు."

జేబులో ఫోన్ మోగింది. "అన్నా, నమస్తే అన్నా!" అంటూ రోడ్డు మీదికి పరిగెత్తాడు.

బెంచీ మీది పెద్దాయన గోడ పట్టుకుని లేచారు. తడుముకుంటూ ఆమె బల్ల దగ్గరికి వచ్చారు. అక్షయ కుర్చీ జరిపింది.

"కూర్చోండి తాతగారూ. మీకేం కావాలండీ?"

ఆయన నల్లద్దాలు తెర వైపు తిప్పి, మురిపెంగా నవ్వారు.

"మా శ్యామ్ పక్కన నా ఫోటో బాగుందా అమ్మా?"