నలగని నిమ్మకాయలు

ఇంకా వాహనాలు వదలని కొత్త బైపాసు మీద పందెం. భూపేష్ తన కారు వెనక టైర్ల కింద రెండు నిమ్మకాయలు పెట్టించి, యాక్సిలరేటరు అదిమి తొక్కి, ఒక్కసారిగా క్లచ్ వదిలాడు.

టప్పుమంది. వెనక చక్రాలను తిప్పే యాక్సిల్ విరిగింది. కారు కదల్లేదు, నిమ్మకాయలూ నలగలేదు. పక్కనున్న కారు మాత్రం దుమ్ము లేపుకుంటూ ఎర్రగుంట్ల వైపు దూసుకుపోయింది. జనానికి అంతకన్నా ఏం కావాలి? ఈలలేశారు.

భూపేష్ దిగి నేరుగా భార్య మీదికి వచ్చాడు. "నిన్ను రావద్దంటి కదా యామినీ! నువ్వు వచ్చినప్పుడల్లా విరుగుతాండాది. శని మాదిరి తగులుకుంటివి నాకు!"

"నన్నంటే ఏమొస్తాదప్పా? ఇంజను బలం రెండింతలు చేయిస్తివి. అదంతా ఒక్క దెబ్బకు మీద పడితే యాక్సిల్ యాడ ఆగుతాది? ఇంజనుకు కాదు, నీకు బలిసింది!"

"నోర్ముయ్! ఈసారి శానా గట్టి యాక్సిల్ వేయిస్తా. అప్పుడు చూద్దువు నా స్పీడు."

"వేయించుకోపో. చూసి తరిస్తాం."

టైరును ఒక్క తన్ను తన్ని, అతను ఎవరిదో బండెక్కి వెళ్లిపోయాడు. జనమూ చెదిరిపోయారు.

యామిని వంగి నిమ్మకాయలు రెండూ తీసుకుంది. మెకానిక్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, విరిగింది. ఆయప్పకు ఏం కాలేదులే. ఈసారి గట్టిది అడుగుతాడు. గట్టిదే వేసినానని చెప్పి, మళ్లీ ఆ పాత రకమే వెయ్యి. తిట్లు నేను పడతా. నిమ్మకాయ గూడా నలగగూడదన్నా, అంతకుముందే విరగాల."