రేపటి దాకా ముట్టుకోవద్దు

కోచింగ్ సెంటరు గోడ ఎంత ఉందో బోర్డూ అంతే ఉంది. 'పన్నెండు వారాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం! నూటికి నూరు శాతం గ్యారంటీ!' ఆ నూరులో ఒక్కటి తగ్గినా ముందు ఊడేది పాఠం చెప్పే సారు ఉద్యోగమేనని బోర్డు మీద రాయలేదు. ఓనరు మాత్రం సారుని గదిలోకి పిలిచి మరీ చెప్పాడు.

అందుకే మొదటి రోజు క్లాసులో, మూడో వరసలో ఆవిడ్ని చూడగానే సారు గుండె గుభేలుమంది.

యాభై అయిదు దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు. చేతిలో నోటుపుస్తకం, మూడు పెన్సిళ్లు. కోడింగ్ నేర్చుకోవడానికి పెన్సిళ్లు! మిగతా ఇరవై ముగ్గురూ నిన్న మొన్న కాలేజీ వదిలినవాళ్లు. ఆ పూటే ఆవిడకి ఆంటీ అని పేరు పెట్టేశారు.

"ఇంతకుముందు ఎప్పుడైనా కంప్యూటర్ ముట్టుకున్నారా ఆంటీ?" అన్నాడు సారు, గొంతు నిండా జాలి నింపుకుని.

"ముట్టుకున్నాను బాబూ. చాలా ఏళ్లయింది."

"ఫోన్లో వీడియోలు చూడటం లెక్కలోకి రాదండీ."

క్లాసంతా ఘొల్లుమంది. ఆవిడ కూడా నవ్వేసింది.

"అయినా ఈ వయసులో మీకెందుకండీ ఈ తిప్పలు?"

"మా పెద్దాడికి ఉద్యోగం వచ్చింది, చిన్నదానికీ వచ్చింది. ఇక నాకు రావాలి. ఎక్కడికెళ్లినా సర్టిఫికెట్ ఏదీ అంటున్నారు బాబూ."

"బాబూ కాదు, సార్ అనాలి."

"అలాగే బాబూ. మా పెద్దాడు మీకంటే రెండేళ్లు పెద్ద. నోరు తిరగడం లేదు."

సారుకి ఇరవై ఏడు. సాఫ్ట్‌వేర్లో అనుభవం తొమ్మిది నెలలు. పదో నెలలో ఆయన సేవలు ఇక చాలని కంపెనీ వాళ్లే దణ్ణం పెట్టారు.

రెండో నెలలో అసలు పాఠం మొదలైంది. పక్క వీధిలోని బస్సుల కంపెనీ వాళ్లు తమ టిక్కెట్ల ప్రోగ్రాం కాపీ ఒకటి ప్రాక్టీసుకని ఇచ్చారు. చివరి రోజు వాళ్లే వచ్చి పరీక్ష పెట్టి ఉద్యోగాలిస్తారు. ఇరవై తొమ్మిదేళ్ల నాటి ప్రోగ్రాం అది. స్క్రీను మీద దాన్ని చూడగానే ఆంటీ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. పాపం, చూపు ఆనడం లేదు కాబోలనుకుని సారు ఆవిడ్ని ముందు వరసలోకి మార్చాడు. ఎంతైనా మంచి మనసు.

ఆ ప్రోగ్రాంలో రెండు వందల పద్నాలుగో లైను ఒకటుంది. టిక్కెట్టు అచ్చయ్యే ముందు తొమ్మిది సెకన్లు ఆగమంటుంది. దాని పక్కనే ఒక హెచ్చరిక: 'రేపటి దాకా ముట్టుకోవద్దు.'

"ఇది ఎందుకు సార్?" అని అడిగింది వెనక బెంచీ అమ్మాయి.

సారుకి తెలిస్తే కదా! కానీ తెలియదు అనే మాట ఆయన సిలబస్‌లో లేదు.

"సెక్యూరిటీ," అన్నాడు గంభీరంగా. "ఆ తొమ్మిది సెకన్లలో లోపల లక్ష లెక్కలు జరుగుతాయి. మహామహులు రాసిన లైను. కదిపామా, ఎక్కడి బస్సులు అక్కడ ఆగిపోతాయి."

ఇరవై ముగ్గురూ గబగబా రాసుకున్నారు. ఆంటీ పెన్సిలు కదల్లేదు.

"తీసేస్తే పోలా బాబూ?"

"అమ్మో! ముట్టుకోవద్దని రాసి ఉంది, కనపడటం లేదా?"

"రేపటి దాకా అని కూడా రాసి ఉంది కదా."

"రేపు ఎప్పుడూ రేపే ఆంటీ. అదే అందులో ఉన్న లోతు."

ఆ మాటకి సారు తనే మురిసిపోయాడు. తర్వాతి బ్యాచ్ పాఠంలో పెడదామని రాసి కూడా పెట్టుకున్నాడు.

చివరి రోజు బస్సుల కంపెనీ మేనేజరు చిన్న ప్రింటరొకటి చంకలో పెట్టుకుని దిగాడు.

"మా కౌంటర్ల దగ్గర క్యూ కదలడం లేదు. జనం తిట్టిపోస్తున్నారు. ఈ ప్రోగ్రాంని పరుగెత్తించండి. రెండు గంటలు టైం."

ఇరవై ముగ్గురూ కీబోర్డుల మీద పడ్డారు. ఒకడు స్క్రీనుకి నీలిరంగు పులిమాడు. వెనక బెంచీ అమ్మాయి, క్యూలో వాళ్లు విసుక్కోకుండా గిరగిరా తిరిగే బస్సు బొమ్మ పెట్టింది. సరిగ్గా తొమ్మిది సెకన్లు తిరుగుతుంది. సారు ఆ అమ్మాయి భుజం తట్టాడు.

ఆంటీ రెండు నిమిషాల్లో నోటుపుస్తకం సంచిలో పెట్టేసుకుంది. అనుమానంతో సారు వంగి చూశాడు. రెండు వందల పద్నాలుగో లైను లేదు!

"కొంప ముంచారు కదండీ! మీకెలాగూ రాదు, నా ఉద్యోగం కూడా ఊడగొట్టారు!" అన్నాడు పళ్లు నూరుతూ.

"ఏం కాదు బాబూ. కంగారు పడకండి."

ఈలోగా మేనేజరు ఆంటీ కంప్యూటర్ దగ్గరికి రానే వచ్చాడు. బటన్ నొక్కాడు. టక్కున టిక్కెట్టు వచ్చి పడింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ పడింది. పది టిక్కెట్లు తీసి, కిటికీలోంచి వీధిలోకి చూశాడు. బస్సులు తిరుగుతూనే ఉన్నాయి.

"ఈ లైను మీద మా వాళ్లు మూడు కమిటీలు వేశారమ్మా," అన్నాడు నీరసంగా. "ఇన్నేళ్లలో ఒక్కడు చెయ్యి వేస్తే ఒట్టు. తీసేయొచ్చని మీకెవరు చెప్పారు?"

సారు ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "నేనే సార్. మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

ఆంటీ కాదనలేదు. సంచి భుజాన వేసుకుంది.

"మీ పాత ప్రింటరు అందుకోలేకపోతుంటే, మర్నాడు కొత్తది రాగానే తీసేద్దామని ఆ లైను పెట్టింది నేనేనండీ," అంది మేనేజరుతో, "తీరా తెల్లారేసరికి మా పెద్దాడు పుట్టేశాడు."