గొంతులో లేని పేరు

నాగరత్నం నూతి పక్కన పొయ్యి మీద ఇంటిల్లిపాది ముక్కుగుడ్డలనూ ఉడకబెడుతోంది. కొబ్బరిపీచు దుమ్ములోంచి బూజుజ్వరం మనుషుల తలకెక్కడం మొదలయ్యాక, ఊళ్లో ప్రతి ఇంటా పొద్దున్నే ఇదే పని.

ఆమె భర్త సత్తిరాజుకూ ఆ జ్వరమే వచ్చింది. మెదడుకు కాపలా కాయాల్సిన కణాలే బూజును తమలో దాచుకున్నాయి. వాటిని చంపే మందుకు నాగరత్నమే సంతకం పెట్టింది. అతని ప్రాణం దక్కింది, చివరి మూడేళ్ల జ్ఞాపకాలు పోయాయి. వాళ్ల పెళ్లయి రెండేళ్లు.

కొత్త కణాలు పుట్టే నలభై రోజుల్లో, రోగి మందుకు ముందు తన గొంతుతో రికార్డు చేసి పెట్టుకున్నదే మనసుకు అంటుతుంది. ఇతరులు చెప్పింది నిలవదు. ఈరోజు నలభయ్యో రోజు, అదే ఆఖరు.

వసారాలో తల్లి పక్కన కూర్చుని సత్తిరాజు ఆ రికార్డులో తన గొంతు మళ్లీ విన్నాడు.

"ఒరే సత్తిరాజూ, ఇంట్లోది చెప్పినట్టు విను. దాన్ని ఏడిపించకు."

"ఇంట్లోదంటే ఎవరే అమ్మా?"

"నీ పెళ్లాంరా. అదిగో, నూతికాడ. ఎన్నిసార్లు చెప్పమంటావు?"

"ఊరుకోవే. పరాయి పిల్ల వింటే ఏమనుకుంటుంది?"

పెళ్లాం పేరు పైకి పలకడం ఆ ఇంటి మగాళ్లకు నామోషీ. ఆస్పత్రిలో మైకు ముందు కూడా సత్తిరాజు సిగ్గుపడ్డాడు. అప్పుడు నాగరత్నం పక్కనే కూర్చుని నవ్వింది.

అతను నూతి దగ్గరికి వచ్చాడు.

"ఇన్నాళ్లూ మాకు చాకిరీ చేశావు. మీవాళ్లు ఎదురు చూస్తుంటారు, ఇంక ఇంటికెళ్లమ్మా."

నాగరత్నం అతని ముఖంలోకి చూసింది. చేతులు తుడుచుకుని గేటు దాటింది.