ముందు వరసలో పోశం

"తల ఊపినవనుకో, పోరని నౌకరి పోయినట్టే," అంది కనకవ్వ, పెదవులు కదలనీయకుండా. "కాలు గూడ ఆడియ్యకు."

"నాకు తెల్వదా?" అని గొణిగాడు పోశం.

గోదావరిఖని కమ్యూనిటీ హాలులో ముందు వరసంతా ఆఫీసర్లే. వాళ్ళ మధ్యలో డ్రిల్లర్ పోశానికీ అతని పెళ్ళానికీ కుర్చీలు వేయించింది దవాఖాన డాక్టరు వెంకటరామయ్య. అది మర్యాద కాదు, వల అని పోశానికి తెలుసు. మొన్న దవాఖానలో అతని వీపు వెనక రూపాయి బిళ్ళ జారవిడిచి చూసింది ఈ మనిషే. పోశం ఉలకలేదు, పలకలేదు. అయినా డాక్టరుకు నమ్మకం కుదరలేదు. ఇప్పుడే వచ్చి పక్క కుర్చీలో కూర్చుని, వేదికను వదిలేసి పోశం మొహాన్నే చూస్తున్నాడు.

రేపు పొద్దున మెడికల్ బోర్డు. చెవుడని తేలితే పోశం అన్‌ఫిట్, అతని బదులు కొడుకు సంపత్‌కు నౌకరి. చెవులు బాగున్నాయంటే నౌకరీ లేదు, పాడూ లేదు. మూడేళ్ళుగా పని లేక చౌరస్తాలో నిలబడే కొడుకును చూసి చూసి, పోశం ఈ చెవుడు నాటకానికి ఒడిగట్టాడు. బొగ్గుబాయి ఊళ్ళో చెవుడు కూడా ఒక ఆస్తే మరి.

వెల్ఫేర్ ఆఫీసరు మైకు అందుకున్నాడు. "హిసాకో తమురా గారు! నలభై ఏళ్ళుగా వియన్నా, పారిస్, న్యూయార్క్ నగరాల్లో కచేరీలు చేస్తున్న జపాన్ పియానో విద్వాంసురాలు! హైదరాబాద్ కచేరీ అయ్యాక, అడిగి మరీ మన ఊరు వచ్చారు. వాళ్ళ నాన్నగారు కూడా బొగ్గుబాయి కార్మికుడే, బాయిలోనే పోయారు. చివరి పాట ఆయనకూ, బాయిలో ప్రాణాలు విడిచిన అందరికీ నివాళి."

నెరిసిన జుట్టుతో ఒక చిన్న మనిషి వచ్చి, నడుము వంచి దండం పెట్టింది. వియన్నా ఏ దిక్కునుందో పోశానికి తెలియదు గాని, బాయిలో పోయినవాడి బిడ్డ అనగానే ఆమె తమ మనిషే అనిపించింది. చప్పట్లు కొట్టబోయి, చేతులు రెండూ తొడల కింద దాచుకున్నాడు.

ఆమె ఎడమచెయ్యి పియానో మెట్ల మీద పడింది. అబ్బ, ఏం మోత! బాయిలో బొగ్గు టబ్బుల బండ్లు దొర్లుతున్నట్టు గుండెల్లోంచి పోతోంది. తల ఊగుతానంటుంది, కాలు ఆడుతానంటుంది. పోశం చెప్పులో బొటనవేలు బిగబట్టి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఇంత మంచి పాట వింటూ విననట్టు ఉండడం కంటే రెండు షిఫ్టులు డ్రిల్లు పట్టడమే నయం అనిపించింది.

చివరి పాట మొదలైంది. ఆమె చేతులు మెల్లగా కుడిపక్కకు జరిగాయి. జరిగి జరిగి కొసన ఉన్న మెట్ల మీదికి పోయాయి. అక్కడ వేళ్ళు పరుగులు తీస్తున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

పోశానికి ఏమీ అర్థం కాలేదు. పియానో చెడిపోయిందా? చెడిపోతే ఆమె ఆగాలి కదా? ఆగడం లేదు. ఆఫీసర్లు కిక్కురుమనకుండా కూర్చున్నారు. ఒకావిడ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

అప్పుడు వెలిగింది. ఓహో, నివాళి! బాయిలో ఎవరైనా పోతే గేటు దగ్గర టోపీలు తీసి రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు. జపానోళ్ళు అదే పని వేళ్ళతో చేస్తారు కాబోలు. ఎవరి పద్ధతి వాళ్ళది. మరి వీళ్ళెవరూ లేవరేం? చచ్చినవాళ్ళంటే ఇంత చులకనా? పోయినేడు బండ కూలి తన పక్కనే పోయిన రఘుపతి గుర్తొచ్చాడు. పోశం డాక్టర్ని మరిచాడు, బోర్డును మరిచాడు. లేచి నిలబడ్డాడు.

"కూసో!" అని కనకవ్వ అంగీ పట్టి గుంజింది. అతను కూర్చోలేదు. వెనక వరసల్లో కార్మికులు చూశారు. ఒకరి వెనక ఒకరు లేచారు. ఆఫీసర్లూ లేవక తప్పలేదు. ఆమె వేళ్ళు ఆపి ఇటు తిరిగేసరికి హాలు హాలంతా నిలబడి ఉంది. జపానామె మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది.

చప్పట్ల మధ్య డాక్టరు పోశం భుజం పట్టుకుని, చెవిలో అరిచాడు. "వినపడదన్నావు కదయ్యా! మరి ఎందుకు లేచావు?"

రఘుపతి కళ్ళ ముందే ఉన్నాడు. పోశానికి అబద్ధం నోట రాలేదు.

"ఆమె సప్పుడు బందుజేసి ఉత్తగ వేళ్ళు ఆడిచ్చింది గద సారూ. సచ్చిపోయినోళ్ళ కోసం మౌనం పాటిస్తుంటే కూసుంటరా?"

అనేశాక నాలుక్కరుచుకున్నాడు. చప్పుడు బందయిందంటే, అంతకుముందుది వినపడ్డట్టే కదా! పోయింది, కొడుకు నౌకరి తన నోటితోనే పోయింది.

డాక్టరు కోప్పడలేదు. పోశం మొహంలోకి చూసి, మళ్ళీ పియానో కుడి కొసకేసి చూశాడు. "రేపు బోర్డుకు రా. అన్‌ఫిట్ అని నేనే రాస్తాను," అని మెల్లగా అనేసి వెళ్ళిపోయాడు.

పోశానికి తలా తోకా అర్థం కాలేదు. దొరికిపోయిన దొంగకు బహుమానమేమిటి? ఆలోచించుకుంటూనే బయటికొచ్చాడు. కనకవ్వ మాత్రం సంబరం పట్టలేకుండా ఉంది.

"ఏం యాక్టింగ్ జేసినవయ్యా! గంత పెద్ద డాక్టర్నే బోల్తా కొట్టిచ్చినవ్! ఆఖరుకు ఆమె పిట్టకూత లెక్క సన్నగ వాయిస్తుంటే హాలంత కండ్లనీళ్ళు పెట్టుకునె, నా పానమే గుంజె. నువ్వేమో నిమ్మళంగ మౌనమంటివి!"

పోశం నడక ఆగిపోయింది.

"వాయించిందా?"