కొల్లేటి గట్టు మీద డ్రైవర్ లేని కారు

రాత్రివేళ కొల్లేటి గట్టు మీద చేపల వ్యాన్ తోలుకెళ్తున్న సువర్ణరాజును డ్రైవర్ లేని కారొకటి దాటిపోయింది. వెనక సీట్లో ఒకమ్మాయి అతనికేసి చేతులూపుతోంది. మొన్ననే అలాంటి కారొకటి అదుపు తప్పి, మనిషితో సహా ఉండి ఊరి కాలవలో మునిగింది. సువర్ణరాజు ప్రాణాలకు తెగించి ముందుకెళ్లి వ్యాన్ అడ్డం పెట్టాడు. కారు ఆగింది. జాకీ రాడ్డుతో అద్దం పగలగొట్టాడు.

"భయపడకమ్మా, దిగు."

ఆ పిల్ల దిగలేదు.

"వ్యాన్ తీసెయ్యండి బాబాయ్ గారూ! తప్పుకోమనే చేతులూపానండీ. ఈ కారు నన్ను కాపాడి తీసుకెళ్తోంది."

"ఎవరి నుంచమ్మా?"

ఆమె వెనక్కి చూసింది. గట్టు పొడవునా కార్ల దీపాలు బారులు తీరి వస్తున్నాయి. ఈ కారులాగే వాటికీ ఇంజన్ చప్పుడు లేదు. చెరువుల్లో కప్పలు కూడా అరవడం మానేశాయి.

సువర్ణరాజు వ్యాన్ వైపు పరిగెత్తాడు. వెనక వస్తున్న కార్ల దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.