మాయకొలను లోతు

“అమ్మా, ఆ రిమోట్ ఇలా ఇవ్వు.”

“ఇవ్వను,” అంది అమ్మమ్మ, రిమోట్‌ను తొడ కింద దాచేసుకుంటూ. “ఇంత మంచి సినిమా మళ్ళీ ఎప్పుడేస్తారో. పాపను చూడనీ.”

పాప తల్లి ఇస్త్రీపెట్టె నిలబెట్టి వచ్చి టీవీకి అడ్డంగా నుంచుంది. ఐదేళ్ళ పాప మెడ సాచి, తల్లి నడుము పక్కనుంచే చూడసాగింది. తెరమీద ఒక మాట్లాడే గాడిద, సగం చదువుల మాంత్రికుడు, ఎగిరే మంచం. ఒకప్పుడు ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వుకున్న సినిమా అది.

“అందులో ఆ కొలను సీనుంది కదమ్మా. అది దీని కంట పడకూడదు.”

“ఓసి, అదా. నువ్వు చూళ్ళేదూ? చూసి పాడైపోయావా? ఆ కొలను ఎక్కడుందో చెప్పమని నా కొంగు పట్టుకు తిరిగావు. ఎంత నవ్వుకున్నామో.”

“మీరు నవ్వుకున్నారు.”

అమ్మమ్మ చూపు తెరమీదికి తిప్పుకుంది. రిమోట్ మాత్రం బయటికి రాలేదు.

ఇంతలో కోటలోని వంటపిల్ల తెరమీదికొచ్చింది. కారునలుపు. ఆమె నోరు విప్పితే గాడిద కూడా నోరు మూసుకోవాల్సిందే. ఆమె అటు వెళ్తే మసిగిన్నె అనుకుని తోమబోయేవాడొకడు, ఇటు వస్తే చీకటి పడిందని దీపం వెలిగించేవాడొకడు. సినిమా మొత్తానికి నల్లగా ఉన్నది ఆమె ఒక్కతే, జోకులన్నీ ఆమె మీదే. పాపకు ఆ జోకులేవీ పట్టలేదు. ఆమె గాడిద చెవి మెలిపెట్టి పాట పాడించినప్పుడు మాత్రం పడీపడీ నవ్వింది.

“అమ్మా, ఆ అక్క అచ్చం నాలాగే ఉంది,” అంటూ లేచి వెళ్ళి, తన చెయ్యి తెర పక్కన పెట్టి చూసుకుంది.

ఆ సంబరం ఇంకెంతోసేపు ఉండదని తల్లికి తెలుసు.

కొలను రానే వచ్చింది. మాంత్రికుడు మంత్రం తప్పు చదివాడు. వంటపిల్ల కాలుజారి నీళ్ళలో పడింది. బుడగలొచ్చాయి. అవి ఆగాక ఆ కాలపు పెద్ద హీరోయిన్, పాలమీగడ లాంటి పిల్ల, తడిజుట్టు విదిలించుకుంటూ పైకొచ్చింది. రాకుమారుడు మూర్ఛపోయాడు. వెనకాలే గాడిద కూడా. అమ్మమ్మ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

పాప నవ్వలేదు.

“అమ్మమ్మా, ఆ కొలను బాగా లోతా?”

అయింది, అనుకున్నంతా అయింది. తల్లి అమ్మమ్మను కొరకొరా చూసి, పాపను ఒళ్ళోకి లాక్కుని ముఖంలో ముఖం పెట్టింది. “చూడు బంగారం, అలాంటి కొలనులు ఎక్కడా ఉండవు. ఉన్నా మనకక్కర్లేదు. నీ రంగు నీకెంత బావుంటుందో తెలుసా?”

“తెలుసు,” అంది పాప, తెరమీంచి చూపు తిప్పకుండా. “జరుగమ్మా, కనబడట్లేదు.”

తల్లి పక్కకు జరిగింది. అడగాల్సింది గట్టిగా అడిగేస్తే ఏదో ఒకటి చెప్పొచ్చు. ఈ పిల్ల అడగదు. తెరమీద కొలను కనబడినప్పుడల్లా మోకాళ్ళమీద లేచి, ఊపిరి బిగపట్టి చూసి, మళ్ళీ ఉసూరుమని కూలబడుతోంది. రేపు స్నానాల గదిలో సబ్బంతా అరగదీస్తుందేమోనని తల్లికి దిగులు పట్టుకుంది.

రాకుమారుడికీ ఆ అందగత్తెకీ పెళ్ళయింది. పూలు కురిశాయి. శుభం కార్డు పడింది.

“చూశావా? ఆ కొలను కావాలని ఒక్కమాటైనా అందా? అంతా నీ చాదస్తం,” అంటూ అమ్మమ్మ రిమోట్ బయటికి తీసి, టీవీ ఆపబోయింది.

పాప ఆ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

“ఉండు అమ్మమ్మా, ఆపకు. నీళ్ళలో పడ్డ అక్క ఇంకా పైకి రాలేదు.”