నీటివైపు తలుపు

కుట్టుపని చేసుకునే ఆమె ఆ గదిలో అద్దెకు దిగి వారమైనా కాలేదు. చీకటి పడగానే ఎవరో వెనక తలుపు తట్టారు. ఆ తలుపు అవతల మెట్టయినా లేదు. ఉన్నదంతా చెరువు నీళ్ళే.

"అమ్మా, చలేస్తోంది. తలుపు తియ్యవూ?" అంది ఓ చిన్నపిల్ల గొంతు.

ఆమె వెంటనే ఇంటావిడకు ఫోను చేసింది.

"తియ్యకమ్మా. అది మునిగిపోయిన మా పిల్ల. ఆ పిలుపు వినలేకే గది అద్దెకిచ్చి, ఊరి చివరికి వచ్చేశాను" అని ఇంటావిడ ఏడ్చింది. "ఒక్కసారి ఫోను తలుపు దగ్గర పెట్టవూ?"

ఆమె స్పీకరు వేసి తలుపు దగ్గర పెట్టింది.

"తల్లీ!" అని పిలిచింది ఇంటావిడ.

తట్టడం ఆగిపోయింది. ఫోను మళ్ళీ చెవికి ఆనించుకుంటే, ఆ చప్పుడు ఇప్పుడు ఇంటావిడ ఇంట్లో వినిపిస్తోంది.

"తియ్యకండి పిన్నిగారూ!" అని అరిచింది.

ఫోనులో గడియ తీసిన చప్పుడయింది.